మెరుపు తీసే అద్దం

నిజామాబాద్ గంజ్ మార్కెట్ ఎదురు సందులో తుకారాంకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో కెమెరా ముందు ఒక నల్లటి అద్దం బిగించి, దాని అంచు పట్టుకుని తిప్పుతూ కూర్చుంటాడు. దాన్ని పోలరైజర్ అంటారు. బోధన్ వైపు పోయినప్పుడు వాన వెలిసిన చెరుకు తోటకు గురిపెడతాడు. ఆకు మీది తళతళ పోయి పచ్చదనం పైకి వస్తుంది. కారు అద్దం మీది ఆకాశం తొలగి లోపలి మనిషి కనిపిస్తాడు. ఎన్నిసార్లు చూసినా అతనికి తనివి తీరదు. పేపరు చదవడానికని అక్కడికి పోయే నాకూ తీరదు.

మొన్న ఎండాకాలం నందిపేట్ నుంచి హన్మవ్వ వచ్చింది. పసుపు పండించే మనిషి. చనిపోయిన భర్త రామ్‌దాస్ ఫొటో ఉన్నది ఒక్కటే, దాన్ని వెంట తెచ్చింది. అదీ చెమ్మకు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. విడదీస్తే ముఖం ఊడిపోతుంది. అద్దం పైనుంచే ఇంకో ఫొటో తీయాలి.

తుకారాం ఫ్రేమును బల్ల మీద నిలబెట్టి, కెమెరాను ఓరగా పెట్టాడు. అవతలి పక్క కూర్చున్న హన్మవ్వ ప్రతిబింబం అద్దంలో పడి రామ్‌దాస్ ముఖాన్ని కప్పేసింది.

"ఫికర్ జెయ్యకు అవ్వా, పోలరైజర్ తిప్పుత."

ఆమె చటుక్కున లేచి ఫ్రేమును కొంగులో చుట్టేసింది.

"పాలిషా! వద్దు బిడ్డా. పసుపు కొమ్ములు డ్రమ్ముల ఏసి తిప్పితే పైపొట్టంత రాలిపోతది. మా ఇంటాయన మొఖం గూడ గట్లనే రాలాల్నా?"

"అది పాలిష్ గాదే అవ్వా! కెమెరా మీది అద్దం తిరుగుతది. నీ ఫొటోను ముట్టనే ముట్టదు."

"తిప్పుతనని నువ్వే అంటివి గదా!"

నవ్వు దాచుకోవడానికి నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. తుకారాం కెమెరా వెనక తెరను ఆమెకు కనబడేటట్టు మళ్ళించాడు.

"నువ్వు సూస్తుండు. జర్రంత రాలినా నన్ను తిట్టు."

"తిడితే మొఖం మల్లొస్తదా?" అంటూనే ఫ్రేమును తిరిగి బల్ల మీద పెట్టి తన చోట కూర్చుంది.

అతడు మెల్లగా తిప్పాడు. తెర మీద ఆమె ముఖం పలచబడి మాయమైంది. రామ్‌దాస్ మీసం, అంగీ జేబులోని బీడీకట్ట తేటగా కనిపించాయి. తుకారాం ఫొటో తీశాడు. హన్మవ్వ ఫ్రేమునూ తెరనూ మార్చి మార్చి చూసింది.

"ఆయన మంచిగనే ఉన్నడు. మరి నేనేడికి పోయిన?"

ఆమె తెర మీద తన ముఖం ఉండిన చోట వేలు పెట్టింది.

"ఎన్కకు తిప్పు బిడ్డా. మేము కలిసి దిగిన ఫొటో ఒక్కటి గూడ లేదు."

పూర్తిగా వెనక్కి తిప్పితే రామ్‌దాస్ మళ్ళీ కనబడడు. తుకారాం కొద్దికొద్దిగా తిప్పుతూ పోయాడు. భర్త ముఖం కనబడుతుండగానే దాని మీద ఆమె ముఖం పలచగా తేలింది.

"ఆఁ, గాడనే ఆపు," అంది హన్మవ్వ, నడుము నిటారుగా చేసుకుని. "ఇద్దరం కదలం. తియ్యి."