చిన్నాయన ఫోటో ఏ పేరుతో ఉంది

మొన్న చిన్నాయన షష్టిపూర్తి కార్డుకు ఆయన ఫోటో కావాలని చిన్నమ్మ అడిగినప్పుడు, సగం బోయిగూడను ఫోటో తీసిన మనిషికి తన ఫోటో ఒక్కటీ లేదని తేలింది. కొత్తగా తీద్దామంటే, స్టూడియో రోజులదే, నెత్తి మీద జుట్టున్నదే కావాలని ఆమె పట్టు. సాయంత్రానికి కార్డు ప్రెస్సుకు పోవాలి కాబట్టి, చిన్నాయన మూసేసిన ఫోటో స్టూడియో హార్డ్ డిస్కు తెచ్చి నా నెత్తిన పెట్టారు.

నా ఈడువాళ్ళకు యాదికుండే ఉంటుంది, ఫోటోల ఫోల్డరు మౌసుతో తెరిస్తే ఆనాటి కంప్యూటర్లు గుడ్లు తేలేసేవి. అందుకని డిగ్రీ చదువుతూ రాంగోపాల్‌పేట్‌లోని ఆ స్టూడియోలో పనిచేసినన్నాళ్ళూ, నల్ల తెర మీద ఫైండ్ అని కొట్టి, పేరులో ఒక ముక్క రాసి, అటూ ఇటూ నక్షత్రం గుర్తులు పెట్టి, నన్ను నేను శాస్త్రవేత్తననుకునేవాణ్ణి. చిక్కల్లా చిన్నాయనతోనే, ఎందుకంటే ఆయన ఫైలుకు ఫోటో దిగడానికొచ్చిన గిరాకీ పేరు ఏనాడూ పెట్టలేదు, తనకు తోచింది పెట్టేవాడు: మీసాలు, తొందరాయన, కళ్ళు మూస్తది.

“పేరెందుకురా, మనిషి యాదికి రావాలె గని. నవ్వనాయన అని కొట్టు,” అనేవాడు. కొడితే సికింద్రాబాదంతా తెర మీదికి దిగేది. పాస్‌పోర్టు ఫోటోలో ఎవడు నవ్వుతాడు?

మొన్న ఆయన పేరు కొట్టాను, ఓనర్ అని కొట్టాను, ఏమీ లేదు. పక్కనే పేపరు చదువుకుంటున్న ఆయన్నే అడిగాను.

“నా ఫోటో నేనెందుకు తీసుకుంటరా? పరేషాన్ చెయ్యకు.”

అప్పుడు వెలిగింది. రోజూ పొద్దున లైట్లు సరిచూడడానికి గిరాకీ స్టూలు మీద తానే కూర్చుని, నన్ను బటన్ నొక్కమనేవాడు. లైట్ అని కొట్టాను. తెర నిండి, కిందికి జారి, ఆగకుండా వచ్చాయి, అన్నిట్లోనూ చిన్నాయనే: నోరు తెరిచి, చెయ్యెత్తి, కెమెరా వెనకున్న నన్ను తిడుతూ. కార్డుకు పనికొచ్చేది ఒక్కటీ లేదని నేను తల పట్టుకుంటే, చిన్నమ్మ అన్నిటికంటే నోరు పెద్దగా తెరిచినదాని మీద వేలు పెట్టింది.

“గిదే పెట్టురా. దుకాణం బంద్ అయినకాంచి తిట్టుడు సుత బంద్ జేసిండు.”



ఇప్పుడు నా ఫోను మొహం చూసే మనిషిని పట్టేస్తుంది, ఎవరికీ పేరు పెట్టనక్కరలేదు, ఎవరినీ ఒక్క మాటలో యాదుంచుకునే తక్లీఫ్ లేదు. నా ఫోటోకు మాత్రం చిన్నాయన ఏ మాట పెట్టి ఉండేవాడో ఆయన్ను ఒక్కసారి అడగాలని ఉంటుంది. ధైర్యమే చాలడం లేదు.