కాలవలు కట్టేశాక ఆడిన ఆట

మండపేట దగ్గర మా ఊళ్ళో రగ్బీ క్లబ్బు ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా చేలు ఖాళీ. ఆ నాలుగు వారాలో ఆరు వారాలో మాత్రమే మా క్లబ్బు బతికేది. బంతి కొనేదాకా ఒలవని కొబ్బరికాయతో ఆడాం. అది తగిలితే ఎలా ఉంటుందో నా ముక్కు చూస్తే తెలుస్తుంది.

చేను ఒక పెద్ద రైతుది. అందుకని ఆయనే ప్రెసిడెంటు. బంతిని చేత్తో వెనక్కే అందించాలన్న నియమం ఆయనకి చివరిదాకా తలకెక్కలేదు. "ముందుకి విసరండ్రా సన్నాసుల్లారా!" అని గట్టు మీంచి తిట్టేవారు.

మా కెప్టెన్ రైస్ మిల్లు హమాలీ కొడుకు. వాడు బంతి పట్టుకుని పరిగెడితే ఆపడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఒక వేసవిలో వాణ్ణి చూడటానికే రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వస్తామన్నారు. ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని, బస్తాల మోత తండ్రితోనే ఆగిపోతుందని వాడి ఆశ.

మా నల్లమట్టి ఎండితే పాదం దిగేంత నెర్రెలు విచ్చుతుంది. ఏటా మ్యాచ్‌కి ముందు బోరు నీళ్ళు పెట్టి, నెర్రెలు పూడాక ఆడేవాళ్ళం. ఆ ఏడు మోటారు వెయ్యమని కెప్టెనే వెళ్ళి అడిగాడు.

"తడిపితే పెద్దవాళ్ళ కార్లు దిగబడిపోవూ? షామియానా ఎక్కడ వేయించమంటావు, నీ నెత్తి మీదా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"కాళ్ళు పోతాయండి."

"చేలో ఆడలేనోడివి, ఉద్యోగం ఏం చేస్తావురా?"

షామియానా బ్రహ్మాండంగా వేశారు. సెలెక్టర్లకి కొబ్బరిబోండాలు కొట్టించారు. ఆట మొదలైన కాసేపటికే కెప్టెన్ బంతితో దూసుకెళ్తూ నెర్రెలో కాలు పెట్టాడు. ఒళ్ళు ముందుకెళ్ళింది, కాలు అక్కడే ఉండిపోయింది. మోకాలు విరిగిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. మేం వాణ్ణి ఆటోలో ఎక్కిస్తుంటే, భోజనాలు చల్లారిపోతున్నాయని ప్రెసిడెంటు గారు అతిథుల్ని ఇంటికి తీసుకెళ్ళారు. ఆ రోజు ఆయన్ని చంపెయ్యాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మరుసటి ఏడు చేను రొయ్యల చెరువైంది. కెప్టెన్ కుంటుకుంటూ దానికే కాపలా కుదిరాడు. మొన్న రొయ్యలు కొనేవాళ్ళు వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"వీడు మా క్లబ్బు కెప్టెనండీ! ఏరా, గట్టు మీద ఓసారి పరిగెత్తి చూపించు" అన్నారు ప్రెసిడెంటు గారు, ముచ్చటగా.

వాడు కర్ర మీద ఆనుకుని నవ్వాడు.

"చెరువు తోడించండి బాబుగారూ. కాలు ఎక్కడ పోయిందో ముందు చూపిస్తాను."

మర్నాటి నుంచి కాపలాకి ఇంకొకణ్ణి పెట్టారు.