ఒరిగిన నావ

స్కూల్లో నా బీరువా తలుపు తియ్యగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. వెంటనే నాకు ఆరో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన సుభద్ర టీచరు గారు గుర్తొస్తారు. ఆవిడ దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉండేది. అట్ట నుంచి అట్ట దాకా ఒక్క అక్షరం ఉండదు. పురుగు పట్టకుండా దాని పక్కన ఎప్పుడూ రెండు కలరా ఉండలు పెట్టేవారు. ఇప్పుడా పుస్తకం నా దగ్గరుంది. నేనూ ఇంగ్లీషు టీచర్నే.

గోదావరి సముద్రంలో కలిసే చోట, చేపలు పట్టుకు బతికే ఊరు మాది. ఆరో తరగతిలో నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు. ఇంట్లో నా నోటికి తాళం ఉండేది కాదు కానీ, ఇంగ్లీషు క్లాసులో బెల్లం కొట్టిన రాయినే. హెడ్మాస్టరు గారు నాన్నని పిలిచి, తాను స్వయంగా పరీక్షిస్తాననీ, అప్పటికీ నోరు విప్పకపోతే మళ్ళీ ఐదులో కూర్చోబెడతాననీ చెప్పేశారు. ఐదులో మా తమ్ముడున్నాడు. వాడి పక్కన కూర్చునే కన్నా బడి మానేసి అమ్మతో చేపల గంప ఎత్తుకోవడమే నయమనుకున్నాను. అమ్మా ఆ మాటే అంది.

టీచరు గారు ఆ పుస్తకంలో రోజుకో బొమ్మ చూపించి, ఏం జరుగుతోందో అడిగేవారు. ముందు తెలుగులో చెప్పినా సరే, తర్వాత ఇంగ్లీషులో వచ్చినట్టు చెప్పాలి. ఒక పేజీలో నావ నీళ్ళ మీద తేలుతోంది. తర్వాతి పేజీలో అదే నావ బురదలో పక్కకి ఒరిగిపోయింది. "ద బోట్ ఈజ్ బ్రోకెన్" అని ఆవిడ అందరి చేతా చెప్పించారు. నాకు ఒళ్ళు మండింది. మా నావ రోజూ నీళ్ళు తీసే పాటుకి అలా ఒరుగుతుంది, నీళ్ళు తిరిగొచ్చే పోటుకి లేస్తుంది. దాన్నెవరు విరగ్గొట్టారు?

హెడ్మాస్టరు గారు నన్ను పరీక్షించడానికి వచ్చింది సరిగ్గా ఆ రోజే. ఆ బొమ్మ మీదే వేలు పెట్టి, నావకి ఏమైందని అడిగారు. అందరూ అన్న మాటే వల్లించేస్తే గండం గట్టెక్కేదాన్ని. కానీ అబద్ధం నోట రాలేదు.

"నో బ్రోకెన్ సార్. వాటర్ గో. ఈవినింగ్ వాటర్ కమ్. బోట్ స్టాండ్."

ఆయన మొహం చిట్లించారు. టీచరు గారు పుస్తకం తీసుకుని రెండు పేజీలూ ముందుకీ వెనక్కీ తిప్పి చాలాసేపు చూశారు.

"ఈ అమ్మాయి చెప్పిందే నిజమండి. నేనే తప్పు చెప్పాను."

ఆయన గ్రామరు మాట ఎత్తారు. "గ్రామరు నేను నేర్పుతానండి. చూడ్డం దానికి వచ్చు" అన్నారావిడ. నేను ఆరులోనే ఉండిపోయాను.

పెద్దయ్యాక నాకో అనుమానం పట్టుకుంది, నా నోరు తెరిపించడానికే ఆవిడ కావాలని తప్పు చెప్పారేమోనని. ఆవిడ రిటైరైన రోజు పుస్తకం నా చేతిలో పెడుతుంటే అడిగేశాను. ఆవిడ నవ్వారు.

"లేదమ్మా. మాది సముద్రానికి దూరంగా, ఎగువన పట్టిసీమ. వరదకి గోదారి పెరగడం, తగ్గడం తెలుసు. పొద్దున్న వెళ్ళిన నీళ్ళు సాయంత్రానికి తిరిగి రావడం నాకేం తెలుసు? నువ్వు చెప్తేనే తెలిసింది."

అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఈ ఉదయం అదే పేజీ తెరిచాను. నావకి ఏమైందో నేను ముందుగా చెప్పను. కొత్తగా తుని నుంచి వచ్చి చేరిన పిల్ల, ఇన్నాళ్ళూ పెదవి విప్పనిది, పుస్తకం మీదికి వంగింది.

"టీచర్ గారండీ, బురదలో నావ దాకా వెళ్ళిన అడుగులే ఉన్నాయి, తిరిగొచ్చినవి లేవేంటండీ?"

ఇన్నేళ్ళుగా తెరుస్తున్న పేజీ. ఆ అడుగులు నేనెప్పుడూ చూడలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "నువ్వే చెప్పు."