పాలు లేవు గదా మామా?

మా మేనకోడలు ఏది తినబోయినా ముందు అడిగేది: "పాలు లేవు గదా మామా?"

మా అక్కది మేనరికం. తొలిబిడ్డ చనుబాలు తాగుతూనే కామెర్లతో పోయింది. పందొమ్మిదివందల యాభైలలో పుట్టిన ఈమె కళ్లూ పచ్చబడితే, ఈ బిడ్డకు పాలే విషమని అనంతపురం డాక్టరు పాలన్నీ మాన్పించాడు. అక్క చెనిక్కాయ పప్పు రుబ్బి, పిండిన రసం పట్టి సాకింది. ప్రాణం దక్కింది. మాట మాత్రం తడబడేది, లెక్క నిలిచేది కాదు. పదేళ్లు కూర్చోబెట్టి నేర్పినా ఇరవై దాటించలేకపోయాను.

ఆమెకు పదహారేళ్లప్పుడు అక్క పోయింది. మూడోనాడు పూడ్చినచోట పోయమని పాలచెంబు ఆమె చేతికిచ్చాను. కింద పెట్టేసింది.

"పొయ్యమ్మా, అమ్మకే గదా" అన్నాను.

"అమ్మ నాకెప్పుడూ పొయ్యలేదు మామా. నేనెట్ల పోస్తా? పోస్తే సచ్చిపోతాది."

పాలు ఎండకు విరిగాయి. చెంబు అట్లాగే ఇంటికి తెచ్చాను.