గుడివాడలో నేను ఓడిన ఆట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా కోడలు టీవీ పెట్టింది. ఎక్కడో విదేశంలో జరుగుతున్న అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ పోటీ. మన దేశపు అమ్మాయి ఒకతె ఆడుతోందని చూస్తోంది గాని, ఆ ఆట సంగతి తనకి పెద్దగా తెలియదు. మనమ్మాయి ఓడిపోయింది. ఓడిపోయి కూడా నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్ళింది. "అదేంటత్తయ్యా, ఓడిపోయినా తర్వాతి రౌండుకి వెళ్ళిందంటున్నారు?" అంది కోడలు. గ్రూపులో ముగ్గురుంటారనీ, ముగ్గురూ తలా ఒక ఆట గెలిచి కూర్చుంటే అప్పుడు ఎవరు ఎన్ని గేములు గెలిచారు, ఎన్ని పోగొట్టుకున్నారు అన్నది లెక్క కడతారనీ, ఆ లెక్కలో ఈ అమ్మాయి పైనుందనీ చెప్పాను. ఆ మాటే చెప్పడానికి టీవీలో వ్యాఖ్యాతకి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. కోడలు నా వైపు వింతగా చూసి, "ఇవన్నీ మీకెలా తెలుసండీ?" అంది. "ఎక్కడో పేపర్లో చదివాన్లే" అన్నాను. పెళ్ళయి నలభై ఏళ్ళయినా నేనొకప్పుడు ఈ ఆట ఆడేదాన్నని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్తే ఎంతవరకు ఆడారని అడుగుతారు. హైదరాబాదులో అంతర్జాతీయ పోటీ దాకా వెళ్ళానని చెప్పాలి. అక్కడిదాకా ఎలా వెళ్ళారని అడిగితే మాత్రం నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు.

అప్పట్లో మేం బందరులో ఉండేవాళ్ళం. నాన్నగారు ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. ఆఫీసర్ల క్లబ్బులో ఆయనకి సభ్యత్వం లేదు గాని, క్లబ్బు సెక్రటరీ గారికి ఇంగ్లీషు ఉత్తరాలు రాసిపెట్టేవారు కాబట్టి, మధ్యాహ్నాలు మగవాళ్ళెవరూ రాని వేళ నేను అక్కడి టేబుల్ మీద ఆడుకోవడానికి అనుమతి దొరికింది. ఉప్పెన వచ్చినప్పుడు ఆ హాలు నిండా సహాయం కోసం తెచ్చిన బియ్యం బస్తాలు పేర్చారు. టేబుల్ తడిసి, బస్తాల బరువుకి నడుం వంగి, మధ్యలో పళ్ళెంలా గుంటపడింది. దాన్ని బాగుచేసినాయన ఒక సాయిబు గారు. మంచి వడ్రంగి. టేబుల్ పలకలు విప్పి, ఎండబెట్టి, చిత్రిక పట్టి, మళ్ళీ రంగేసి, నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చదును చూసేవాడు. ఆయన్ని నేను మావయ్యగారూ అనేదాన్ని. క్లబ్బులో కుర్చీలూ తలుపులూ ఏళ్ళ తరబడి ఆయనే చూసేవాడు కాబట్టి, వాళ్ళమ్మాయి కూడా నాలాగే మధ్యాహ్నాలు వచ్చి ఆడేది. నాకన్నా రెండేళ్ళు పెద్దది. పదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లో కుట్టుపని చేసేది. నేను అక్కా అని పిలిచేదాన్ని.

అక్క ఆట గురించి చెప్పాలి. నా దగ్గర పెద్దమ్మ కొడుకు సింగపూరు నుంచి తెచ్చిన బ్యాటు ఉండేది. అక్క దగ్గర వాళ్ళ నాన్న తేలిక కర్రతో చెక్కి, రబ్బరు అతికించి ఇచ్చిన బ్యాటు. పిడి ఆమె గుప్పిట కొలతకి సరిగ్గా ఉండేది. టేబుల్‌కి అయిదడుగులు వెనక నిలబడి, నేనెంత గట్టిగా కొట్టినా బంతిని కింది నుంచి కోసి, మెల్లగా తెచ్చి నా ముందు పెట్టేది. ఆ బంతి చూడ్డానికి ఎంతో వినయంగా ఉండేది. కొట్టబోతే నేరుగా వలలోకి పోయేది. నేను విసుక్కుంటే నవ్వి, "కోపంతో కొట్టకే, బంతి కింద చెయ్యి పెట్టి లేపు" అనేది. అలా లేపడం నేర్పింది ఆమే. ఒక్కోరోజు తన ఆట మానుకుని గంటసేపు నాకు బంతులు అందించేది. రెండేళ్ళలో నేనామెని ఒక్కసారీ గెలవలేదు. గెలవలేదని బాధ కూడా ఉండేది కాదు, గుడివాడ నుంచి మా బాబాయి ఉత్తరం వచ్చేవరకు.

బాబాయి గుడివాడలో లెక్కల మాస్టారు. ఆటలు ఎప్పుడూ ఆడింది లేదు, నియమాలంటే మాత్రం ప్రాణం. హైదరాబాదులో ఒక అంతర్జాతీయ పోటీ జరగబోతోందనీ, అసలు పోటీకి ముందు క్వాలిఫయింగ్ పోటీలుంటాయనీ, వాటిలో ఆడడానికి కోస్తా జిల్లాల నుంచి ఒకే ఒక అమ్మాయికి చోటిచ్చారనీ, ఆ ఎంపిక గుడివాడలోనే జరుగుతుందనీ రాశాడు. అక్కడి సర్క్యులరుని తన ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తిగా ఎత్తిరాసి పంపాడు. ముగ్గురేసి చొప్పున గ్రూపులు. గ్రూపులో ప్రతివాళ్ళూ మిగతా ఇద్దరితో ఆడాలి. ఆటకి మూడు గేములు, రెండు గెలిచినవాళ్ళది ఆట. గ్రూపులో మొదటి ఇద్దరూ మర్నాటి నాకౌట్స్‌కి వెళ్తారు. చివరికి గెలిచిన ఒక్కరూ హైదరాబాదుకి. ఆ ఉత్తరం పట్టుకెళ్ళి అక్కకి నేనే చూపించాను. మనిద్దరం వెళ్దామని నేనే అన్నాను. ఆ ఒక్క మంచిపనీ నా ఖాతాలో ఉందని అప్పుడప్పుడూ గుర్తుచేసుకుంటూ ఉంటాను.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే మేమిద్దరం, సాయిబు గారు కలిసి పాసింజరులో గుడివాడ వెళ్ళాం. కోస్తా జిల్లాలన్నిటి నుంచీ అమ్మాయిలొస్తారని బాబాయి ఒక హైస్కూలు హాల్లో కుర్చీలు వేయించాడు గాని, తీరా వచ్చింది ఆరుగురం. అంటే రెండే గ్రూపులు, మర్నాడు నేరుగా సెమీఫైనల్స్. చీట్లు తీస్తే అక్కా నేనూ ఒకే గ్రూపులో పడ్డాం. మూడో అమ్మాయి బెజవాడ నుంచి కారులో వచ్చింది. ఆట మొదలవబోయే ముందు సంచిలోంచి తీస్తే నా సింగపూరు బ్యాటు రబ్బరు ఒక మూల ఊడి లేచి ఉంది. నాకు ఏడుపొచ్చింది. సాయిబు గారు చూసి, "ఇటియ్యి తల్లీ, దీనికింత దిగులేంటి" అని, తన సంచిలోంచి జిగురు సీసా తీసి, రాసి, అతికించి, బడి గోడ పక్కన దొరికిన ఇటుకని కండువాతో తుడిచి దానిమీద బరువు పెట్టాడు. ఎండలో ఆ ఇటుక పక్కనే గొంతుక్కూర్చుని కాపలా కాశాడు. అందువల్ల లోపల కూతురు ఆడుతున్న మొదటి ఆట ఆయన చూడలేదు.

ఆ మొదటి ఆట అక్కకీ బెజవాడ అమ్మాయికీ. మూడు గేములూ సాగింది. అక్క ఆట అసలే నెమ్మది, ఒక్కో పాయింటుకీ ముప్ఫై నలభైసార్లు బంతి అటూ ఇటూ తిరిగేది. చివరికి రెండు గేములు అక్కవి, ఒకటి ఆ అమ్మాయిది. వెంటనే నన్నూ అక్కనీ పిలిచారు. కాసేపు ఆగుదామని నేను అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఆమె జాకెట్టు వీపంతా తడిసి ఉంది, కాళ్ళు వెనక్కి పడడం లేదు. జీవితంలో మొదటిసారి అక్కని ఓడించాను, అదీ వరసగా రెండు గేముల్లో. ఆమె వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "బాగా లేపావే ఇవాళ" అంది, నిజంగా సంతోషపడుతూనే.

మధ్యాహ్నం నేను భోజనానికి బాబాయి ఇంటికి వెళ్ళాను. అక్కా వాళ్ళ నాన్నా బడి వరండాలో తెచ్చుకున్న క్యారేజీ విప్పుకున్నారు. పిన్ని వడ్డిస్తూ, "వాళ్ళనీ పిలవాల్సిందే, పరాయివాళ్ళా?" అంది. నేను పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాను. బాబాయి అప్పటికే ఒక కాగితం మీద గళ్ళు గీసేసి ఉన్నాడు.

"ఇప్పుడు నువ్వు బెజవాడ పిల్లని గెలిచావనుకో, నువ్వూ మీ సాయిబు గారమ్మాయీ రేపటికి వెళ్తారు" అన్నాడు. "ఒక గేము గెలిచి ఆట ఓడిపోయావనుకో, అప్పుడు ముగ్గురికీ తలా ఒక ఆట. గేములు లెక్కెయ్యాలి. నీవి మూడు గెలుపు, రెండు ఓటమి. బెజవాడ పిల్లవి మూడు, మూడు. సాయిబు గారమ్మాయివి రెండు, మూడు. నువ్వే మొదట, బెజవాడ పిల్ల రెండోది."

"అంటే అక్క?"

"పోతుంది."

పిన్ని చేతిలో గరిటె ఆగింది. "ఏంటండీ ఆ మాటలు పిల్లతో?"

"నేను తప్పు చెయ్యమనట్లేదే, లెక్క చెప్తున్నా" అన్నాడు బాబాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇన్నేళ్ళుగా ఆయన మీద తోసెయ్యాలని చాలాసార్లు చూశాను గాని, ఆయన చెప్పింది నిజంగా లెక్కే. మజ్జిగన్నం తింటూ మిగతాది ఆలోచించుకున్నది నేను. రేపటికి అక్క అలసట తీరిపోతుంది. ఫైనల్లో నాకెదురుగా, టేబుల్‌కి అయిదడుగులు వెనక, నవ్వుతూ నిలబడుతుంది. ఉన్నది ఒకే చోటు.

మూడో ఆటకి స్కోరు అట్టలు తిప్పడానికి మనిషి లేకపోతే, గ్రూపులో ఖాళీగా ఉన్నది నువ్వేగా అని అక్కని కూర్చోబెట్టారు. ఆమె నా ఎడంవైపు, వలకి దగ్గరగా బెంచీ మీద కూర్చుంది. మొదటి గేము సునాయాసంగా గెలిచాను. బెజవాడ అమ్మాయికి ఎడమవైపు బంతి వేస్తే చెయ్యి అందదని పొద్దున్న అక్క ఆటలోనే చూశాను. రెండో గేము మధ్యలో ఒక బంతి వలకి కొట్టాను. అది నిజంగా తప్పిపోయిందో, నేను తప్పించానో ఇప్పటికీ చెప్పలేను. తర్వాతవి చెప్పగలను. ఎడమవైపు వెయ్యాల్సిన బంతులన్నీ ఆ అమ్మాయి కుడిచేతికి అందేలా వేశాను. లేపాల్సిన బంతుల్ని కోపం తెచ్చుకున్నట్టు నటించి వలలోకి కొట్టాను. ఒక్కో బంతికీ అక్క చెయ్యి ఒక అట్ట తిప్పేది. మొదట్లో నా వైపు చూసేది. మూడో గేము పది పాయింట్లు దాటాక చూడ్డం మానేసి, అట్టలనే చూస్తూ తిప్పింది. ఇరవై ఒకటి, పద్నాలుగు. ఆ చివరి అట్ట సరిగ్గా తిరక్కపోతే రెండు చేతులతో సర్దింది. తను పోయినట్టు చూపించే అట్టని అలా నిదానంగా, వంకర లేకుండా నిలబెట్టింది.

బయటికొచ్చాక సాయిబు గారు, "ఏం పర్లేదు తల్లీ, నువ్వు నిలబడ్డావు, అది చాలు" అని నన్నే ఓదార్చాడు. బ్యాటు తీసుకుని రబ్బరు అంచంతా వేలితో నొక్కి చూశాడు. "రేపటిక్కూడా ఆగుతుందిలే." సాయంత్రం బండికి వాళ్ళిద్దరూ బందరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు అక్క, "రేపు ఆ అమ్మాయే మళ్ళీ ఎదురుపడితే ఎడమవైపు ఆడు. నీకు తెలుసుగా" అంది. గొంతులో ఏ మార్పూ లేదు. తెలుసన్నట్టు తలూపాను. తెలిసే ఆడలేదని ఆ తలూపుతో ఒప్పేసుకున్నట్టయిందని వాళ్ళు వెళ్ళాక గాని నాకు తట్టలేదు.

మర్నాడు ఫైనల్లో ఎదురుపడింది ఆ బెజవాడ అమ్మాయే. ఎడమవైపు ఆడాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అంపైరుగా ఉన్న పెద్దాయన నా చేతికి కాగితాలిస్తూ, "నిన్నేమైందమ్మా నీకు?" అన్నాడు. కడుపులో బాలేదండీ అన్నాను. హైదరాబాదు సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అక్కడా ముగ్గురేసి గ్రూపులే, ఒక్కరికే అసలు పోటీలోకి ప్రవేశం. నా రెండు ఆటలూ పొద్దున్న కాఫీలకీ మధ్యాహ్నం భోజనాలకీ మధ్య ముగిసిపోయాయి. ఒక విదేశీ అమ్మాయి అక్కలాగే వెనక్కి వెళ్ళి బంతిని కోసింది. నాకు వచ్చిన నాలుగైదు పాయింట్లూ అక్క నేర్పిన పద్ధతిలో లేపి తెచ్చుకున్నవే. ఆ అమ్మాయితో అక్క ఆడి ఉంటే ఆట ఎంతసేపు సాగేదో అన్న ఊహ అక్కడ టేబుల్ ముందే వచ్చింది. దాంతో ఒక సర్వీసు కూడా తప్పాను.

అయినా బందరులో నాకు సన్మానం చేశారు. క్లబ్బులో దండ వేసి, ఆడవాళ్ళ ఆటకి నేనే ఆదర్శమన్నారు. నాన్నగారు నా సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టమని ఎవరికిస్తారు, సాయిబు గారికే ఇచ్చారు. ఆయన టేకు ముక్కలు ఏరి, మూలలు అతుకు తెలియకుండా కలిపి, వారం రోజులు మెరుగు పెట్టి తెచ్చాడు. మా ముందు గదిలో తనే మేకు కొట్టి వేలాడదీసి, దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి, వంకరుందేమోనని చూశాడు. నేను వంటింటి తలుపు చాటు నుంచి బయటికి రాలేకపోయాను. ఆ తర్వాత చదువు సాకు చెప్పి క్లబ్బుకి వెళ్ళడం మానేశాను. అక్క కూడా రావడం లేదని విన్నాను. ఆడడానికి ఎదుట మనిషి ఉండాలి కదా. ఏడాదికి ఆమెకి అవనిగడ్డ సంబంధం కుదిరింది. పెళ్ళికి అమ్మ వెళ్ళింది, నాకు జ్వరమని చెప్పించాను.

చాలా ఏళ్ళకి నేను టీచరునయ్యాక, పదో తరగతి పరీక్షలకి డ్యూటీ మీద అవనిగడ్డ వెళ్ళాను. బస్టాండు దగ్గర్లోనే కుట్టు మిషను పెట్టుకుని ఉందని వాకబు చేసి వెళ్ళాను. చూడగానే గుర్తుపట్టి, మిషను మీద బట్ట పక్కకి జరిపి, కుర్చీ వేసింది. టీ ఇచ్చింది. వాళ్ళ నాన్న పోయి ఏడాదయిందట. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, దారంతా కూడగట్టుకున్న ధైర్యంతో, "అక్కా, గుడివాడలో ఆ రోజు ఆట..." అన్నాను.

"తెలుసు" అంది.

"నేను కావాలనే..."

"అట్టలు తిప్పింది నేనేగా. రెండేళ్ళు నీకు బంతులందించాను. నీ చెయ్యి నాకు తెలియదా?" కోపంగా అనలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది. "నాన్నకి చెప్పలేదు. ఆయనకి నువ్వంటే బాగా ఇష్టం."

నేను ఏడుస్తున్నాను. ఆమె ఊరుకోమని అనలేదు, క్షమించానని కూడా అనలేదు. దారం ఎక్కాక, "నువ్వొచ్చి చెప్తావని చూశాను. పీర్ల పండగ దాకా చూశాను. తర్వాత చూడ్డం మానేశాను" అంది. ఇంతలో ఎవరో రవికె గుడ్డలు పట్టుకుని వస్తే లేచి వాళ్ళతో మాట్లాడింది. నేను వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు, ఇప్పుడెక్కడుందో తెలియదు.

ఆగస్టు నుంచి ఆ ఏటి పీర్ల పండగ దాకా నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది పది నిమిషాల నడక. తర్వాత ఇన్నేళ్ళ కాలం ఏ అడ్డూ లేకుండా నా చేతుల్లో పడింది గాని, వెళ్ళాల్సిన ఆ పది నిమిషాలు మాత్రం అందులో ఎక్కడా లేవు.