మూడు బెల్లం ముద్దల మొగ్గు

నిన్న పొద్దున జగిత్యాల పాత బస్టాండు దగ్గరి దుకాణంలో కొత్త బెల్లాన్ని ముక్కలు కొడుతుంటే లేచిన వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కాగిన చెరుకు రసం, కొంచెం పొగ, కొంచెం తడి గోనె, ఎక్కడో వెనకాల సన్నని ఉప్పదనం. దుకాణం ఆయన అంకెలు మెరిసే కాంటా మీద ముక్కలు పేర్చి, అంకె కిలో దాటగానే ఒక చిన్న పలుకును గిల్లి వెనక్కి వేసుకుని, సరిగ్గా కిలో దగ్గర నిలిచాక సంచిలో పోశాడు. ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆ గిల్లిన పలుకును చూస్తూ చూస్తూనే నేను కోరుట్లకు వెళ్లిపోయాను, మా తాత ఇంటి ముందరి గదిలోకి, మూడు దిండ్ల మధ్య కూర్చున్న పదేళ్ల పిల్లలోకి.

మూడు దిండ్లు ఎందుకంటే నా వెన్నెముక నిటారుగా ఉండేది కాదు. పుట్టుకతోనే ఎడమకు వంగింది, ఏడాదికేడాది ఇంకాస్త వంగుతూ ఊపిరికి కూడా చోటు తగ్గించసాగింది. బడి బల్ల మీద గంట కూర్చోలేకపోయేదాన్ని కాబట్టి బడే నా దగ్గరికి వచ్చింది. అంటే మా అమ్మ తండ్రి, ముప్పై ఏళ్లు ఊరంతా ఉత్తరాలు పంచి ఇంట్లో కూర్చున్న మా తాత. పాత పేపర్లు, తీసేసిన మనియార్డరు ఫారాలు, గోడ మీద వేలాడే పంచాంగం, ఇవే నా పుస్తకాలు. అక్షరం తప్పు రాస్తే తాత కోప్పడేవాడు కాదు, "గీ ఉత్తరం ఏ ఇంటికీ చేరది బిడ్డా" అనేవాడు అంతే. అమ్మ గడప దగ్గర చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ నా పాఠాలన్నీ వినేది. ఆరో ఎక్కం తప్పితే తల ఎత్తకుండానే సరిచేసేది.

మా నాన్నను బాపు అనేదాన్ని. బాపు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసి చేసి, చివరికి గల్ఫుకు వెళ్లి ఒక పెద్ద ఆసుపత్రిలో నేల తుడిచే పనిలో కుదిరాడు. ఆ ఆసుపత్రికి ఏడాదికి ఒక్క వారం వేరే దేశం నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చి, నాలాంటి పిల్లలు కొందరికి ఉచితంగా ఆపరేషన్లు చేసేవాడు. హైదరాబాదులో చూసినవాళ్లు నా ఊపిరితిత్తుల బలం చూసి వెనకాడారు. బాపు మాత్రం నా ఎక్స్‌రేను పని సంచిలో పెట్టుకుని ఆరు నెలలు తిరిగాడట. వార్డులో ఒక నర్సమ్మ దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసి, తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. ఆమె పేరు నాకు తెలియదు. పేరు తెలియనివాళ్లకు దండం పెట్టుకోవడం నేను అప్పుడే నేర్చుకున్నాను.

ఆ తరువాత విదేశీ రోగులను చూసే విభాగం నుంచి కాగితాలు రావడం మొదలైంది. అవి మా ఇంటికి వచ్చేవి కావు, పెద్ద రోడ్డు మీది నెట్ సెంటరుకు వచ్చేవి. అవి తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బొగ్గు బావులు ఆగి కరెంటు ఎప్పుడు వచ్చేదో ఎప్పుడు పోయేదో తెలిసేది కాదు. తాత పొద్దున్నే పోయి కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చుని, కాగితాలు తీయించుకుని, మడత పడకుండా ఛాతీకి ఆనించుకుని తెచ్చేవాడు. పైన నా పేరు, దాని కింద 'ఇంటర్నేషనల్ పేషెంట్'. తాత దాన్ని పెద్ద బిరుదులాగా చదివాడు. ఆ రోజు నుంచి వాడలో నా పేరు మారిపోయింది. "ఇంటర్నేషనల్ లేసిందా, చాయ్ తాగిందా" అని పక్కింటి హమీదా చాచి గోడ మీది నుంచి అడిగేది.

హమీదా చాచి బట్టలు కుట్టేది. కాగితంలో ముందు తెరుచుకునే బట్టలు కావాలని, గుండీలూ హుక్కులూ వద్దని రాసి ఉంటే, మెత్తని నూలు గుడ్డతో ఐదు గౌన్లు కుట్టి, అదే గుడ్డ నాడాలు పెట్టింది. తాను ముందు వాటి మీద పడుకుని చూసి, ఎక్కడా కుట్టు ముడి ఒత్తుకోదని తేల్చుకున్నాకే ఇచ్చింది.

బాపు తల్లి, మా నాయినమ్మ, అప్పటికే సిరిసిల్ల నుంచి మా దగ్గరికి వచ్చి ఉంది. డాక్టరు ఒప్పుకున్నాడన్న కబురు విన్ననాడే ఆమె వేములవాడ రాజన్నకు నా నిలువెత్తు బంగారం మొక్కింది. మా వైపు దేవునికి మొక్కే బంగారమంటే బెల్లమే, మనిషి ఎంత బరువుంటే అంత. మర్నాడే నన్ను ఎత్తుకుని కిరాణం సదానందం దుకాణానికి తీసుకెళ్లారు. దూలానికి వేలాడే పెద్ద తరాజు ఒక పళ్ళెంలో గోనె పరిచి నన్ను కూర్చోబెట్టారు, రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు వేశారు. నేను మెల్లగా గాలిలోకి లేచాను, పళ్ళేలు సమానమయ్యాయి. సదానందం చేయి తీశాడు. నాయినమ్మ తీయనివ్వలేదు.

"దేవునిది మొగ్గాలె సదానందం. ఇంకో ముద్ద ఎయ్యి."

ఇంకో ముద్ద వేశాడు. మళ్లీ అడిగింది. మూడో ముద్దకు దేవుని పళ్ళెం నేలను తాకింది, నేను ఉప్పు బస్తాల కంటే పైకి లేచి దుకాణమంతా చూశాను.

"ఎయ్యంగ ఎయ్యంగ నా దుకాణం గూడ రాజన్నకే పోయెటట్టున్నది పెద్దమ్మా" అన్నాడు సదానందం. బెల్లాన్ని విడిగా తూచి ఇరవై ఒకటిన్నర కిలోలని చెప్పాడు. వేములవాడకు బస్సులు లేవు కాబట్టి ఆ బెల్లాన్ని కొత్త గుడ్డలో మూటగట్టి దేవుని గూటి కింద పెట్టారు. మొక్కిన బెల్లం, ఎవరూ ముట్టకూడదు. ఇల్లంతా దాని వాసనే. నేను దిండ్ల మధ్య కూర్చుని రోజంతా ఆ వాసనతోనే పాఠాలు చదివాను.

ఆ వారమే వచ్చిన కాగితంలో పిల్ల బరువెంత అని అడిగారు, ఇరవై కిలోలకు తగ్గితే డాక్టరు ఆపరేషన్ చేయడని కూడా రాశారు. తాత ఒక్క క్షణం ఆలోచించలేదు. మొన్ననే కదా తూచింది. ముత్యాల్లాంటి అక్షరాలతో ఇరవై ఒకటిన్నర అని నింపి, సంతకం పెట్టి పంపించాడు. జీవితంలో ఒక్క ఉత్తరమూ తప్పు ఇంటికి ఇవ్వని మనిషి చేసిన పొరపాటు అది. రాజన్న తూకాన్ని పిల్ల తూకమనుకున్నాడు. ఆపరేషన్ తారీకు ఖాయమైందని జవాబు వచ్చింది, అమ్మ ఆ పూట బీడీల చాట పక్కన పెట్టి పరమాన్నం వండింది.

విమానం ఎక్కవచ్చని డాక్టరు రాసివ్వాల్సిన కాగితం కోసం జీపులో జగిత్యాలకు వెళ్లినప్పుడు సంగతి తెలిసింది. అక్కడి నర్సు నల్ల బ్యాడ్జి పెట్టుకునే పనిలో ఉంది. నన్ను నిలబెట్టి, "పద్దెనిమిదిన్నర" అన్నది.

"మంచిగ సూడు బిడ్డా, ఇరవై ఒకటిన్నర ఉండాలె" అన్నాడు తాత.

"పిల్ల గిదే గదా తాతా, ఇంకెవలనన్న తెచ్చినవా?"

తాత నవ్వలేదు. తిరుగు దారిలో జీపులో నా పక్కన కూర్చుని, "నేను బెల్లం తూకం రాసిన" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే.

ఇంట్లో అమ్మ ఆయనతో మొదటిసారి వాదించడం విన్నాను. "ఊకో నాయినా. గక్కడికి పొయ్యేటాల్లకు ఇరవై అయితది. ఇప్పుడు జెప్పి చేతికచ్చింది చెడగొట్టుకుంటమా?"

"మత్తుమందు గీ లెక్క సూసే ఇస్తరటనే. మూడు కిలోల అబద్ధం పిల్ల పెయ్యిలకు, రక్తంలకు పోతది. నా చేతోని నేను పంపియ్య."

అమ్మ బీడీల చాట దగ్గరికి లాక్కుంది. మర్నాడు తాత కరెంటు కోసం మధ్యాహ్నం దాకా కాచుకుని, తప్పు తనదేనని, పిల్ల బరువు పద్దెనిమిదిన్నరేనని రాసి పంపాడు. రెండు రోజులకు బాపు ఫోను చేశాడు. నా చోటు తీసేయలేదట, అయితే నేను అక్కడ దిగగానే తూస్తారు, ఇరవై లేకపోతే నా చోటు వరుసలో నా వెనుక ఉన్న పిల్లకు పోతుంది. డాక్టరు మళ్లీ ఏడాదికే వస్తాడు. అప్పటికి నా ఊపిరి ఎట్లా ఉంటుందో ఎవరూ పైకి అనలేదు. మూడు వారాలు, కిలోన్నర.

ఆ రాత్రి నాయినమ్మ దేవుని గూటి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చుంది. తరువాత మూట విప్పి మూడు ముద్దలు బయటికి తీసింది. అమ్మ గాబరాపడి చేయి పట్టుకుంది.

"రాజన్న పిల్లంత ఇయ్యిమన్నడు, పిల్ల కంటె ఎక్కువ ఇయ్యిమన్లేదు. గీ మూడు ముద్దలు నా ఆత్రం. ఆత్రం దేవునిది గాదు, ఇంటిదే" అంది నాయినమ్మ. అయినా ఆ సోమవారం నుంచి నేను తిరిగి వచ్చేదాకా ప్రతి సోమవారం ఆమె ఒక్కపొద్దు ఉంది. ఆమె ఆకలితో ఉన్న పూట నేను వేడి రొట్టెను నెయ్యితో, ఆ బెల్లంతో నలిపిన మలీద తినేదాన్ని. అంత రుచి ఇప్పటిదాకా నా నోటికి తగల్లేదు.

బతుకమ్మ రోజులు కూడా అప్పుడే వచ్చాయి. తంగేడు పూలు, గునుగు పూలు పొద్దున్నే గంపల్లో దిగేవి, సాయంత్రం ఆడవాళ్లు రోడ్డు మీదే బతుకమ్మలు పెట్టి ఆడేవారు, పాటల మధ్యలో జై తెలంగాణ అనేవారు, ఆట అయ్యాక ప్రతి ఇంటి సత్తుపిండిలోంచి ఒక ముద్ద నా గిన్నెలోకి వచ్చేది, నువ్వులది ఒకటి, పల్లీలది ఒకటి, మక్కలది ఒకటి. హమీదా చాచి పొద్దున్నే మేకకాళ్ల ఎముకలు మరిగించిన పాయా తెచ్చి, "తాగు బేటా, గీ బొక్కల బలమంత నీ నడుము బొక్కకే" అని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. పెద్ద రోడ్డు మీది సమ్మె టెంటులో వంటావార్పు జరిగిన రోజుల్లో మొదటి విస్తరి నాకే వచ్చేది. పప్పులో రోడ్డు దుమ్ము కొంచెం, పొగ వాసన కొంచెం, ప్రేమ చాలా. టెంటులో కూర్చున్న బడి పంతుళ్లు పందెం కూడా వేసుకున్నారు. "ముందుగాల తెలంగాణ అస్తదా, గీ పిల్ల ఇరవై అయితదా?" అని.

రెండు రోజులకొకసారి సదానందం తరాజులో నన్ను ఇనుప బాట్లకు ఎదురు కూర్చోబెట్టి తూచేవారు. తాత ఎదురుగా నిలబడి తరాజు ముల్లు కంటే సదానందం వేళ్లనే ఎక్కువ చూసేవాడు.

"చెయ్యి తియ్యి సదానందం."

"ఆనుతలేను మామా, ఈగను కొడుతున్న."

"ఈగ గూడ బరువే."

ఇన్నేళ్ల వ్యాపారంలో సదానందం ఎవరికోసమైనా తూకం తప్పాలని ఆశపడ్డాడంటే అది నా కోసమే. పంతొమ్మిది దాటిన రోజు గిరాకీలందరికీ పుట్నాలు పంచాడు.

బయల్దేరేనాటికి ఆ తరాజులో ముల్లు ఇరవై దగ్గర కొంచెం అటూ ఇటూ ఊగుతూనే ఉంది. టెంటు వాళ్లు రోడ్డుకు అడ్డంగా పెట్టిన బండ్లను జరిపి మా జీపుకు దారి ఇచ్చారు. ఒకామె కిటికీలోంచి సత్తుపిండి పొట్లం ఇచ్చింది. తాత అమ్మకు మెల్లగా చెప్పాడు, "తూకం అయినంకనే విప్పు." మల్యాల దాటుతుంటే కొండగట్టు వైపు నాయినమ్మ చేతులు జోడించింది. ఆమె విమానాశ్రయం దాకా వచ్చి, అద్దాల తలుపు దగ్గర నా చెవిలో, "నీ ఎనుకున్న పిల్లకు గూడ దండం పెట్టుకో. ఆమెకూ తల్లి ఉంటది" అంది. ఆ మాట నాతోపాటు విమానం ఎక్కింది.

ఆ ఆసుపత్రి తూకం గదిలో గోడలన్నీ తెలుపు. తలుపు దగ్గర నీలం దుస్తుల్లో, తుడుపు కర్ర పట్టుకుని బాపు నిలబడ్డాడు. నాలుగేళ్ల తరువాత నేను ఆయనను చూడటం అదే. దగ్గరికి రాలేదు, నన్ను ముట్టుకుంటే తూకం తప్పుతుందన్నట్టు అక్కడే నిలబడ్డాడు. హమీదా చాచి గౌనులో, వట్టి కాళ్లతో ఎక్కాను. ఇరవై కిలోల రెండు వందల గ్రాములు. తూకం దగ్గరి నర్సు ఆ అంకె రాసుకుంది. అమ్మ పొట్లం విప్పి మొదటి పిడికెడు బాపు నోట్లో పెట్టింది. ఆయన నములుతూ ఏడ్చాడు.

ఆపరేషన్ అయింది, మూడు దిండ్లు ఒకటయ్యాయి, తరువాత అదీ అక్కరలేకపోయింది. తెలంగాణకు ఇంకా రెండేళ్లకు పైగా పట్టింది కాబట్టి పందెం నేనే గెలిచానని పంతుళ్లు ఒప్పుకున్నారు. నేను తిరిగి వచ్చాక పద్దెనిమిదిన్నర కిలోల మూటతో వేములవాడకు వెళ్లాం. గుడి మెట్ల దగ్గర నాయినమ్మ మూడు కొత్త ముద్దలు కొని దానిమీద పెట్టింది. తాత చూసి, మూటకు ఒక కొస తానే పట్టాడు.

ఇప్పుడు తాత లేడు, నాయినమ్మ లేదు. సదానందం దుకాణం ఉన్నచోట ఫోన్లు అమ్ముతున్నారు, ఆ తరాజు ఏ ఇనుప సామాను వాడికి పోయిందో తెలియదు. హమీదా చాచి కుట్టిన గౌను ఒకటి నా బీరువాలో ఉంది, పదేళ్ల పిల్లకు సరిపోయేది. నా వెనుక వరుసలో ఉన్న పిల్లకు ఆ ఏడు చోటు దొరికిందో లేదో బాపు ఎంత అడిగినా తెలియలేదు.

నిన్న కొన్న కిలో బెల్లంతో ఇవాళ మలీద చేశాను. దేవుని ముందు ఒక గిన్నె, ఇంటికి ఒక గిన్నె. రెండూ సమానంగానే తీశాను, ఆ తరువాత ఇంటి గిన్నెలోంచి ఒక ముద్ద తీసి దేవుని గిన్నెలో పెట్టాను. ఆ ముద్ద ఎప్పుడూ ఆ పిల్ల పేరు మీదే పెడతాను, పేరు తెలియకపోయినా.