సముద్రం మీద ఉన్నవారి పేర్లు

మా రేవులో రేడియో అంటే గుడి గంట స్తంభానికి కట్టిన మైకే. పంచాయతీవాళ్ళ అసలు రేడియో ఏనాడూ సరిగ్గా పలికింది లేదు గనక, బాటరీతో మోగే దీనికే జనం ఆ పేరు పెట్టేశారు. రోజూ సాయంత్రం గాలివాన కబురు, జపం, చివర సముద్రం మీద ఉన్నవారి పేర్లు అందులో చదవడం నా పని. నేను ఆ కతోలిక గుడి బడిలో అయివారిని. ప్రొటెస్టెంటు ఇంట పుట్టినవాణ్ణి. ఫాదరు గారు అదేమీ పట్టించుకోలేదు.

ఆత్మల పండుగనాడు మాత్రం చనిపోయినవారి పేర్లు చదవాలి. జనం చీటీలు రాయించి డబ్బాలో వేసేవారు. మా ప్రొటెస్టెంట్లలో చనిపోయినవారి కోసం ప్రార్థించే అలవాటు లేదు. అందుకని ఆ చీటీలను బడిలో హాజరు వేసినట్టు గబగబా చదివేసేవాణ్ణి. ఒక ఏడు అలాగే, రెండు నెలల కిందట తెప్పమీద పోయి తిరిగిరాని మనిషి పేరు చదివేశాను. అప్పటిదాకా ప్రతి సాయంత్రం సముద్రం మీద ఉన్నవారిలో నేనే చదువుతున్న పేరు. నోరు దాటాక గానీ నా బుర్రకెక్కలేదు.

అతని భార్య చేపల గంప ఇసుకలో దించి పరుగున వచ్చింది. మైకు ఆపడం మరిచాను.

"శవం దొరికినాదా అయివారూ? మీరు సూసినారా?"

ఆ మాట రేవంతా వినబడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వెనకే ఆమె అత్త వచ్చింది. "చీటీ నేనే యేయించినా. పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంలో నా బిడ్డ ప్రార్థన లేకుండా పడుంటే ఎట్టమ్మా?" అంది.

కోడలు మెడలోని సిలువ తాళి పిడికిట పట్టుకుంది. అత్తవైపు చూడలేదు. "ఆయన బతికుండాడు. రేపు సముద్రంమీద వాళ్ళలోనే సదవండి" అంది నాతో.

మైకులో ఇదంతా విన్న ఫాదరు గారు నన్ను పక్కకు పిలిచారు. "రోజూ అక్కడే చదవండి. అతని ఆత్మకోసం నేను పూజలో నా మనసులో చెప్పుకుంటాను" అన్నారు. ఆ సంగతి ముసలామెకు చాటుగా చెప్పారు.

మూడేళ్ళు చదివాను. ఆ పేరు దగ్గర మళ్ళీ ఎన్నడూ తొందరపడలేదు.

ఒక సాయంత్రం జపానికి ముందు కోడలు వచ్చింది. మెడ బోసిగా ఉంది. "ఈ పొద్దు నించి ఆయన పేరు వద్దు అయివారూ. ఆత్మల్లోకి మార్చండి" అంది.

పెన్సిలు తీసుకున్నాను. గుమ్మం దగ్గర అత్త కూలబడింది. "కొట్టేయబాకయ్యా. నువ్వు పేరు సదివినంతసేపు నా బిడ్డ యాడో ఉండాడనే అనిపిస్తాది."

కోడలు వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. వాళ్ళిద్దరూ వింటుండగా ఆ పేరు సముద్రం మీద ఉన్నవారిలోనే చదివాను.